తాకట్టులో పుట్టిన సినిమాహాలు

సినిమా చూసి వచ్చాక మనకి గుర్తుండేవి చిత్రంగా ఉంటాయి. హీరోయిన్ కట్టిన చీర అంచు గుర్తుంటుంది. ఇంటర్వెల్లో తిన్న వేరుశెనక్కాయలు గుర్తుంటాయి. ముందు కుర్చీలో కూర్చుని తెరకి అడ్డం వచ్చిన ఆవిడ కొప్పునైతే జన్మలో మరిచిపోం. ఆ హాలు ఎవరు కట్టించారో మాత్రం ఒక్కరికీ తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించదు. పెళ్ళికి వెళ్ళి, పందిరి వేసినవాడి పేరు అడుగుతామా ఏమిటి?

రఘుపతి వెంకయ్యగారి పేరు మీరు వినే ఉంటారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. మొట్టమొదటిది ఎల్.వి. ప్రసాద్‌గారు అందుకున్నారు. వెంకయ్యగారిని తెలుగు చలనచిత్ర పితామహుడంటారు. పితామహుడనగానే మనకి గోడమీద దండ వేసిన పటం కనిపిస్తుంది. నాకు మాత్రం ఆయన పేరు వినగానే ఓ తాకట్టు కాగితం కళ్ళముందు కదుల్తుంది.

ఆయనది మచిలీపట్నం. 1869లో పుట్టారు. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫొటోలు తియ్యడం నేర్చుకుని, మౌంట్ రోడ్డులో సొంత స్టూడియో పెట్టుకున్నారు. నలభయ్యో పడిలో పడిన మనిషి, చేతిలో నడుస్తున్న వ్యాపారం. మన ఇళ్ళల్లో అయితే "ఇంక చాలు, ఉన్నది నిలబెట్టుకోండి" అంటాం. ఆయన 1909లో ఆ స్టూడియోని కాస్తా తాకట్టు పెట్టి, సీమనించి 'క్రోనోమెగాఫోన్' అనే యంత్రం తెప్పించుకున్నారు. దాని ఖరీదు ముప్ఫైవేల రూపాయలు.

ముప్ఫైవేలంటే ఇవాళ మనకి పెద్దగా అనిపించదు. ఆ రోజుల్లో సవరను పదిహేను రూపాయలు. అంటే రెండువేల సవర్లు! కిలోల్లో చెప్పాలంటే సుమారు పదహారు కిలోల బంగారం పోసి బొమ్మలాడించే పెట్టె ఒకటి కొన్నారన్నమాట. ఇంట్లో ఆడవాళ్ళు ఏమని ఉంటారో నేను వేరే చెప్పాలా?

ఆ యంత్రం తమాషా ఏమిటంటే, ఒకపక్క ఫిలిం తిరుగుతూంటే మరోపక్క గ్రామఫోను ప్లేటు తిరిగేది. రెండూ కలిసి నడిస్తే తెరమీద బొమ్మే పాడుతున్నట్టుండేది. ఖర్మకాలి ఫిలిం తెగిందా, అతికించేటప్పుడు కాస్త ముక్క పోయేది. ఇక బొమ్మ ఒకటి, పాట ఒకటి! నోరు మూసుకున్నాక కూడా గొంతు వినపడుతూనే ఉండేదన్నమాట. 1910లో సెంట్రల్ స్టేషను దగ్గరి విక్టోరియా పబ్లిక్ హాల్లో ఈ వింత మద్రాసు జనానికి చూపించారు. తర్వాత ఎస్‌ప్లనేడులో డేరా వేశారు. ఆపైన మూటా ముల్లే కట్టుకుని బెంగుళూరు, బెజవాడ, సిలోను, రంగూను, పెగూ దాకా తిరిగొచ్చారు.

డేరా ఎప్పుడూ డేరాయే. వానొస్తే ఆట లేదు, గాలేస్తే తెర నిలవదు. అంతకన్నా ముఖ్యం, ముక్కూ మొహం తెలీని మగవాళ్ళ మధ్య చీకట్లో నేలమీద కూర్చోమంటే ఏ ఇంటి ఇల్లాలు వస్తుంది? సంసారులు రావాలంటే గోడలుండాలి, తలుపుండాలి, ఆడవాళ్ళు విడిగా కూర్చునే చోటుండాలి. తర్వాత మన ఊళ్ళలో హాలు కట్టిన ప్రతివాళ్ళూ 'స్త్రీలకు' అని విడిగా ఓ బోర్డు రాయించింది అందుకే.

మౌంట్ రోడ్డులో అప్పటికే హాలు లేకపోలేదు. 1913లో వార్విక్ మేజర్ అనే దొర 'ఎలక్ట్రిక్ థియేటర్' పెట్టాడు. దొరలు చూసేందుకు దొర పెట్టిన హాలు. మరుసటేడు, 1914లో, మౌంట్ రోడ్డుని ఆనుకున్న బ్లాకర్స్ రోడ్డులో వెంకయ్యగారు 'గెయిటీ' కట్టించారు. మద్రాసులో మనవాడు కట్టించుకున్న మొదటి పక్కా సినిమాహాలు అది. అదే ఏడు కోయంబత్తూరులో 'వెరైటీ హాల్' లేచింది. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, డేరా ఆటలతో ఊళ్ళు తిరిగిన స్వామికన్ను విన్సెంటుగారిది అది. కట్టింది మనవాళ్ళే అయినా పేర్లు మాత్రం ఇంగ్లీషువి. అప్పట్లో అదో దర్జా కాబోలు.

హాలు కట్టడం ఒక ఎత్తు, దానికి రోజూ మేత వెయ్యడం ఒక ఎత్తు. చూపించడానికి బొమ్మ ఏదీ? వచ్చేవన్నీ ఓడమీద రావలసిందే. అమెరికా మూకీ సీరియళ్ళు అప్పట్లో జనానికి మహా పిచ్చి. 'మిలియన్ డాలర్ మిస్టరీ' లాంటివి వారం వారం ఒక్కో భాగం వేసి, నాయిక కొండ అంచున వేలాడుతూండగా ఆపేసేవారు. మన పత్రికల్లో 'సశేషం' చూసి పళ్ళు కొరుక్కుంటాం చూశారూ, అచ్చం అదే. చూడగా చూడగా ఆ వీరవనితలు ఎంతసేపని? మనవాళ్ళకి రాముడు కావాలి, కృష్ణుడు కావాలి. ఆ సంగతి బొంబాయి వైపు ఫాల్కేగారు 1913లోనే 'రాజా హరిశ్చంద్ర' తీసి నిరూపించారు. ఇక హాళ్ళ వ్యాపారం చూస్తే, కలకత్తా మదన్ కంపెనీ రానురాను వందకు పైగా హాళ్ళు గుప్పిట్లో పెట్టుకుంది. అంతటి బేరగాళ్ళ మధ్య తన బొమ్మలు తనే తెచ్చుకునే ఒంటరి హాలువాడు ఎన్నాళ్ళు నెగ్గుకొస్తాడు?

అంచేత వెంకయ్యగారు రెండో తాకట్టులాంటి పని చేశారు. కొడుకు ప్రకాశ్‌ని విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపించారు. ఆ అబ్బాయి తిరిగొచ్చాక 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' కంపెనీ పెట్టి, ఎండ లోపలికి పడేలా గాజు స్టూడియో కట్టి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. భీష్ముడు ప్రకాశే. గంగాదేవి ఎవరనుకున్నారు? పెగ్గీ కాస్టెల్లో అనే దొరసాని! మన ఆడవాళ్ళు తెరమీద కనిపించడానికి ఒప్పుకోని కాలం మరి. ఫాల్కేగారి చంద్రమతి మాత్రం ఎవరు? సాలుంకే అనే మగాడు. అంతకన్నా దొరసాని గంగ నయమేనని నా అభిప్రాయం.

ఆ కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. హాలు సంపాదించింది స్టూడియో తినేసే రకం వ్యవహారం అది. కానీ అక్కడ పని నేర్చుకున్నవాళ్ళలో సి. పుల్లయ్యగారున్నారు. ఆయన 1934లో తీసిన 'లవకుశ'కి పల్లెటూళ్ళనించి బళ్ళు కట్టించుకుని ఆడవాళ్ళు కదిలొచ్చారు. చంటిపిల్లలని చంకనేసుకుని, మధ్యాహ్నానికి అన్నం మూట కట్టుకుని. సీతమ్మ కష్టాలకి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బండెక్కేవారు. ఈలోగా 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ హాలు కట్టించారు, ఆంధ్రదేశంలో మొదటిది. ఆ తర్వాత ఊరూరా లేచాయి.

వెంకయ్యగారు మింట్ స్ట్రీట్లో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ అని మరో రెండు హాళ్ళు కూడా నడిపారు. 1941లో పోయారు. అప్పటికి తెలుగు సినిమా మాట్లాడడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి సాక్షాత్తూ మన తెలుగింటి ఆడపడుచు. ఇక దొరసానుల కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

గెయిటీ ఆయన తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆడింది. మూకీలు చూపించిన హాల్లోనే రంగుల బొమ్మలూ వచ్చాయి. ఇవాళ ఆ హాలు లేదు. చిత్రమేమిటంటే, నిండా రెండేళ్ళయినా ఆడకుండా మూతపడిన ఆ దొరగారి ఎలక్ట్రిక్ థియేటర్ కట్టడం మాత్రం నిలిచింది. 1915లో తపాలా శాఖవారు కొనుక్కున్నారు కనక బతికిపోయింది. మౌంట్ రోడ్డు పేరు అణ్ణాసాలై అయింది, పోస్టాఫీసు ఆవరణలో ఆ పాత భవనం అలాగే ఉంది. ఒకప్పుడు సినిమా టిక్కెట్లు కోసిన చోట, సరదాగా స్టాంపులు పోగుచేసేవాళ్ళకి ఇప్పుడు తపాలా బిళ్ళలు అమ్ముతున్నారు.