నగరానికి వినపడని సూర్యుడు

హైదరాబాద్ ఖగోళశాస్త్ర చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా దుర్భిణుల పేర్లు, అద్దాల కొలతలు చెప్పి ఆగిపోతారు. ఆ లెక్కన, తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాల్లో సూర్యుణ్ణి పరిశీలించిన చరిత్రలో ఈ నగరానికి చోటు దొరకడం కష్టం. ఆ రంగంలో పేరెన్నికగన్న యాంటెనాల బారులేవీ తార్నాక పక్కనున్న ఉస్మానియా క్యాంపస్‌లో లేవు. కానీ యంత్రం ఎక్కడుంటే చరిత్ర అంతా అక్కడే ఉందనుకోవడం ఈ శాస్త్రం విషయంలో కుదరదు. ఇక్కడ యంత్రం ఒకచోట, దాన్ని నడిపే చదువు మరోచోట ఉండక తప్పదు. ఊరు పెరిగితే యంత్రం ఊరు వదలాలి. చదువు మాత్రం ఊళ్లోనే పుట్టాలి. హైదరాబాద్ కథను ఈ రెంటినీ కలిపి చదివితే విశ్వవిద్యాలయానికి నిజంగా ఉన్న లోటేమిటో, లేనిదేమిటో తేలుతుంది.

మొదట యంత్రాల వలస సంగతి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో 15 అంగుళాల గ్రబ్ దుర్భిణితో వేధశాల మొదలుపెట్టారు. ఆయన తదనంతరం నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1908లో అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో తన వంతుకు వచ్చిన ఆకాశాన్ని ఫొటో పలకల మీదికెక్కించి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాల్లో అచ్చువేసింది నిజామియా అబ్జర్వేటరీగా పేరుపడిన ఈ వేధశాల. దశాబ్దాల తరబడి తరాలు మారుతూ చేసిన పని అది. ఈలోగా నగరం వేధశాలను చుట్టేసింది. దాంతో 1968 నాటికి 48 అంగుళాల కొత్త దుర్భిణిని 50 కిలోమీటర్లకు పైగా దూరంలోని జపాల్-రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. బేగంపేటలోని పాత ఆవరణ ఇప్పుడు ఆర్థిక, సామాజిక పరిశోధన కేంద్రానికి చిరునామా. తార్నాక నుంచి మెట్రో ఎక్కితే అదే లైనులో అక్కడ దిగవచ్చు. ఫిసల్‌బండ, బేగంపేట, జపాల్-రంగాపూర్: ప్రతి మజిలీ ఊరికి ఇంకాస్త దూరం.

వెలుతురుతో వచ్చిన చిక్కే ఇంత ఉంటే, రేడియోతో వచ్చే చిక్కు ఇంకెంతో ఊహించవచ్చు. ఈ శాస్త్రం పుట్టిందే గోల మధ్య. 1942 ఫిబ్రవరి చివర్లో బ్రిటన్ సైనిక రాడార్లను వింత రొద ముంచెత్తింది. జర్మన్లు జామ్ చేస్తున్నారేమోనన్న అనుమానంతో విచారణ మొదలైంది. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన నివేదికలను జె.ఎస్. హే పక్కపక్కన పెట్టి చూశాడు. రొద వస్తున్న దిక్కు సూర్యుడి వెంటే కదులుతోంది. ఆ రోజుల్లోనే సూర్యబింబం మీద పెద్ద మచ్చల గుంపు కనిపిస్తోంది. 4 నుంచి 6 మీటర్ల తరంగదైర్ఘ్యంలో సూర్యుడు అంత బలంగా రొద చేయగలడని తెలిసింది అప్పుడే. యుద్ధ రహస్యం కావడంతో లోకానికి చెప్పడానికి యుద్ధం ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రొదకు అర్థం చెప్పే సూత్రం మాత్రం సులువు. సూర్యుడి చుట్టూ లక్షల డిగ్రీల వేడిలో ఉండే కరోనాలో ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే, అక్కడ పుట్టే ప్లాస్మా తరంగాల పౌనఃపున్యం అంత ఎక్కువ. పౌనఃపున్యం సగానికి పడితే సాంద్రత నాలుగో వంతుకు పడినట్టు. పైకి పోయేకొద్దీ కరోనా పలచబడుతుంది. కాబట్టి 100 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలైన రొద 50కి, అక్కణ్ణుంచి 25కి జారుతోందంటే దాన్ని పుట్టిస్తున్నదేదో పైకి ఎగబాకుతోందన్నమాట. కొద్ది సెకన్లలో జారిపోతే అది కాంతివేగంలో మూడో వంతు వేగంతో దూసుకుపోయే ఎలక్ట్రాన్ల గుంపు. నిమిషాల తరబడి నింపాదిగా జారితే సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయిలో కదిలే షాక్ వేవ్. 1950లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మొదటిదాన్ని మూడో రకం, రెండోదాన్ని రెండో రకం అని వర్గీకరించారు. ఆ పేర్లే నేటికీ వాడుకలో ఉన్నాయి. కంటికి కనిపించే సూర్యబింబం ఈ సంగతులేవీ చెప్పదు.

రేడియోలోనూ అన్ని పౌనఃపున్యాలూ ఒకే సూర్యుణ్ణి చూపవు. 1947 మే 20న బ్రెజిల్ తీరంలో సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు సోవియట్ బృందం ఓడ మీది నుంచి ఒకటిన్నర మీటరు తరంగదైర్ఘ్యంలో కొలిచింది. చంద్రుడు బింబాన్ని పూర్తిగా కప్పేసిన వేళ కూడా రేడియో శక్తిలో దాదాపు 40 శాతం అందుతూనే ఉంది. ఆ తరంగాలు పుట్టేది బింబంలో కాక దాని చుట్టూ పరచుకున్న కరోనాలో కాబట్టి చంద్రుడు దాన్ని మూయలేకపోయాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ జపాల్-రంగాపూర్ మీదుగానే సాగింది. అప్పుడక్కడ పనిచేసిన 10 అడుగుల రేడియో దుర్భిణి 10 గిగాహెర్ట్జ్‌ది, అంటే మూడు సెంటీమీటర్ల తరంగాలది. ఆ తరంగాలు చాలావరకు బింబానికి చేరువలోని పొరల నుంచే వస్తాయి. ఆ పళ్లెం చూపు సూర్యబింబం కంటే వెడల్పు; అందుకే మెల్లగా జరిగే చంద్రుడి అంచే దానికి సన్నని గీటుకోలలా పనికొచ్చింది. ఉస్మానియా రేడియోలో సూర్యుణ్ణి చూసింది, నిజమే; కానీ ఆ యంత్రంతో చూసింది కింది పొరల్నే.

పై పొరల పని కర్ణాటకలోని గౌరీబిదనూరులో జరిగింది. హిందూపురానికి పొరుగు ప్రాంతం అది. చుట్టుపక్కల పల్లెల్లో కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 34.5 మెగాహెర్ట్జ్ అంటే దాదాపు 8.7 మీటర్ల తరంగం. అంత పొడుగు తరంగంతో ఆకాశాన్ని కాస్త వివరంగా చూడాలంటే పళ్లెం చాలదు, కిలోమీటరు దాటి పరచుకున్న యాంటెనాలు కావాలి. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ 1976 నుంచి కలిసి నడిపిన ఆ కేంద్రంలో వెయ్యి డైపోల్ తీగలు ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో నిలిచాయి. సీహెచ్.వి. శాస్త్రి లాంటివారు ఆ పనికి పునాది వేశారు. సూర్యుడి కోసమే ప్రత్యేకంగా కట్టిన రేడియోహీలియోగ్రాఫ్ 1997లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని కల్గూరాలో 96 పళ్లేలతో ఇదే తరహా పని చేసిన యంత్రం 1984లోనే మూతపడింది కాబట్టి, గౌరీబిదనూరు విలువ దేశానికి మించింది.

అక్కడికి హైదరాబాద్ నుంచి దారి ఉంది. ఖగోళ భౌతిక సంస్థను స్వతంత్ర సంస్థగా నిలబెట్టి, ఆ కాలంలో దానికి సారథ్యం వహించిన వైణు బప్పు తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. బప్పు పెరిగింది ఆ వాతావరణంలో, చదివింది నిజాం కాలేజీలో. 1949లో హార్వర్డ్‌కు వెళ్లింది హైదరాబాద్ ప్రభుత్వ ఉపకారవేతనంతో. ఎదురు దారిలో వచ్చినవారూ ఉన్నారు. కొడైకెనాల్ వేధశాలలో 1950ల తొలినాళ్లలోనే 100 మెగాహెర్ట్జ్ దగ్గర సౌర రేడియో రొదను నమోదు చేయించిన ఎ.కె. దాస్, అక్కడి పదవీకాలం ముగిశాక 1960లో నిజామియా డైరెక్టరయ్యారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

ఇదంతా పరాయి ఘనతను పుట్టిన ఊరి పేరుతో మన ఖాతాలో వేసుకోవడం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గౌరీబిదనూరు యాంటెనాలు హైదరాబాద్‌వి కావు, బప్పు ఒక్కరే వాటిని కట్టలేదు. కానీ ఒక కుర్రాడు వేధశాల ఆవరణలో పెరిగి, ఊళ్లో డిగ్రీ చదివి, సొంత రాష్ట్రం ఇచ్చిన డబ్బుతో పైచదువుకు పోవడం వ్యవస్థ ఉన్నచోటే జరుగుతుంది. ఉస్మానియాలో 1959లో ఖగోళశాస్త్ర శాఖ తెరవడం, 1964లో యూజీసీ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించడం ఆ వ్యవస్థకు కొనసాగింపే. నగరం చేయగలిగిన మేలు అదే, చేసిందీ అదే.

ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న ఎగిరాక నేల మీది తీగలతో పనేమిటన్నది ఇంకో ప్రశ్న. ఆదిత్య మోసుకెళ్లిన ఏడు పరికరాల్లో రేడియో దుర్భిణి లేదు. దాని కరోనాగ్రాఫ్ బింబపు వెలుగును తప్పించి పక్కల కరోనాను చూస్తుంది. సరిగ్గా మనవైపే వచ్చే విస్ఫోటం దానికి అంత తేటగా కనిపించదు. రేడియో రొదకు ఆ అడ్డు లేదు. అంతరిక్షంలోని రేడియో రిసీవర్లు ఎక్కువగా 20 మెగాహెర్ట్జ్ లోపే, అంటే సూర్యుడికి బాగా దూరంగా జరిగేదే వింటాయి. అంతకు పైన షాక్ వేవ్ పుట్టే చోటును బొమ్మగా చూపడానికి కిలోమీటర్ల యాంటెనాలు కావాలి. వాటికి నేలే చవక. కాబట్టి ఈ రెండూ పోటీ పరికరాలు కావు.

మిగిలింది నగరపు రొద. ఎఫ్‌ఎం కేంద్రాలు, కరెంటు తీగలు, చవక ఎల్‌ఈడీ దీపాలు, మెట్రో విద్యుత్తు ఉన్న తార్నాకలో ప్రశాంత సూర్యుడి సన్నని సంకేతాన్ని కొలవడం అయ్యే పని కాదు. అయితే పెద్ద విస్ఫోటం మామూలు స్థాయికి ఎన్నో రెట్లు బలంగా వస్తుంది. దానికి చిన్న యాంటెనా, చిన్న స్పెక్ట్రోమీటర్ చాలు. జూరిక్‌లో రూపొందిన కలిస్టో అనే 45–870 మెగాహెర్ట్జ్ రిసీవర్ ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో ఇదే పని చేస్తోంది. స్థలం కోసమైతే జపాల్-రంగాపూర్ ఉండనే ఉంది. పైగా ఉస్మానియాకు ఇంకెవరికీ సులువుగా దొరకని వెసులుబాటు ఒకటుంది. తార్నాక, హబ్సిగూడ దాటగానే వచ్చే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) హైదరాబాద్‌లో 1964 నుంచి భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తోంది. సూర్యుడి మీద షాక్ వేవ్ పుట్టిన ఎనిమిది నిమిషాలకు రేడియో రొద మనకు చేరుతుంది. అదే విస్ఫోటం విసిరిన పదార్థం ఒకటి నుంచి మూడు రోజుల్లో వచ్చి తగిలితే అయస్కాంతమాపకం ఊగుతుంది. 2024 మే 10, 11 తేదీల మహా తుపాను అలాంటిదే. కథ ముగింపు కొన్ని స్టేషన్ల దూరంలో ఆరు దశాబ్దాలుగా దాచి ఉంది. మొదలును తానే నమోదు చేసుకుంటే రెంటినీ కలిపి చదవగల విద్యార్థులు క్యాంపస్‌లో తయారవుతారు. పెద్ద యాంటెనా లేదని ఉస్మానియా చింతించనక్కర్లేదు. నక్షత్ర పట్టిక నాటి ఓపికతో రోజూ రికార్డు రాసే అలవాటు తప్పితేనే నష్టం.