గ్రీకు మాట, రోమన్ బాట, మన నోట

రేగోడ్ మెదక్ జిల్లా పడమటి అంచున ఉన్న మండల కేంద్రం. ఈ వాక్యంలో ‘కేంద్రం’ అన్న మాట గ్రీకుల నోట పుట్టింది. వాళ్ల ‘కెంత్రోన్’ అంటే ఎద్దును అదిలించే ములుగర్ర, దాని మొనదేలిన ముల్లు. వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖిని సూది గుచ్చుకునే చోటును కూడా గ్రీకు గణితజ్ఞులు ఆ పేరుతోనే పిలిచారు. ఖగోళ, జ్యోతిష శాస్త్రాల వెంట ఆ మాట తూర్పుకు వచ్చి సంస్కృతంలో కేంద్రం అయింది. పడమటికి వెళ్లి లాటిన్‌లో ‘కెంత్రుమ్’ అయింది, అక్కడి నుంచి ఇంగ్లీషు ‘సెంటర్’గా మారింది. మండల కేంద్రంలోని మీసేవ సెంటర్‌కు వెళ్లొచ్చామని చెప్పేటప్పుడు రెండువేల ఏళ్ల కిందట విడిపోయిన తోబుట్టువులను ఒకే వాక్యంలో కూర్చోబెడుతున్నాం.

గ్రీకు మాటలు లాటిన్‌లోకి వెళ్లిన కథ యూరప్ చరిత్ర పుస్తకాలకే పరిమితమని అనుకుంటాం. ఆ కథ ఆనవాళ్లు పాత మెదక్ జిల్లా మట్టిలోనూ మాటలోనూ ఉన్నాయి.

గెలిచినవారు నేర్చుకున్న భాష

దక్షిణ ఇటలీలోని గ్రీకు నగరం తరెంతుమ్ క్రీ.పూ. 272లో రోమన్ల వశమైంది. గ్రీసులోని కొరింథు నగరాన్ని వాళ్లు క్రీ.పూ. 146లో నేలమట్టం చేశారు. కత్తితో గెలిచింది రోమ్. చదువు విషయంలో మాత్రం ఓడినవారే గురువులయ్యారు. హోమర్ ‘ఒడిస్సీ’ని లాటిన్‌లోకి తెచ్చిన లివియుస్ అంద్రోనికుస్ గ్రీకు మూలాలున్నవాడు. క్రీ.పూ. 240లో రోమ్‌లో ఆయన నాటకం ప్రదర్శించారు. లాటిన్ సాహిత్యానికి అదే మొదలని చరిత్రకారులు లెక్కగడతారు.

గ్రీకు మాటలు అంతకుముందే ఓడలెక్కి రోమ్ చేరాయి. సముద్రం సంగతులు రోమన్లు గ్రీకుల దగ్గరే నేర్చుకున్నారు. లంగరుకు గ్రీకు పేరు ‘అంక్యూర’, లాటిన్‌లో ‘అంకొర’. చుక్కాని పట్టి ఓడ నడపడం గ్రీకులో ‘క్యుబెర్నాన్’, లాటిన్‌లో ‘గుబెర్నారె’. మనం రోజూ అనే గవర్నమెంటు, గవర్నర్ ఆ చుక్కాని పట్టిన చేతి నుంచే వచ్చాయి. ఆలివ్ నూనెతో పాటు దాని పేరూ దిగుమతి అయింది. యంత్రానికి గ్రీకుల ఒక మాండలికంలో ‘మాఖనా’ అని పేరు. రోమన్ల నోట అది ‘మాఖిన’, మన నోట మెషిన్, మిషను.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇక్కడి తేడా ఇట్టే అర్థమవుతుంది. జనం నోట అరిగి, రూపం మారి స్థిరపడిన అంకొర, గుబెర్నారె లాంటివి లాటిన్‌కు తద్భవాలు. తర్వాతి కాలంలో పండితులు రూపం చెడకుండా తెచ్చుకున్న ఫిలొసొఫియ, థెయాత్రుమ్ లాంటివి తత్సమాలు. సంస్కృతం నుంచి మనం తీసుకున్నట్టే వాళ్లూ రెండు రకాలుగా తీసుకున్నారు.

పోలిక అక్షరాల దాకా వెళ్తుంది. గ్రీకులో ఒత్తి పలికే ‘ఫ’, ‘థ’, ‘ఖ’ ధ్వనులు లాటిన్‌కు సొంతం కావు. వాటిని రాయడానికి రోమన్లు పి, టి, సి అక్షరాల పక్కన హెచ్ చేర్చారు. క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో గ్రీకు మాటల కోసమే వై, జెడ్ అక్షరాలను తెచ్చి తమ వర్ణమాల చివర పెట్టుకున్నారు. ఇంగ్లీషు అక్షరమాల కొసన అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అచ్చతెలుగుకు అంతగా అవసరం లేని ఒత్తు అక్షరాలు సంస్కృత పదాల కోసం మన వర్ణమాలలో చోటు చేసుకున్నది కూడా ఇలాగే.

కొండాపూర్ నాణెం, పంచాంగంలోని హోర

ఉమ్మడి మెదక్‌లో ఉండి ఇప్పుడు సంగారెడ్డి జిల్లాకు చెందిన కొండాపూర్‌లో కోటగడ్డ అనే దిబ్బ ఉంది. 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహనుల పట్టణం బయటపడింది. ఎన్నో శాతవాహన నాణేలు, పూసలు, మట్టిబొమ్మల మధ్య రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం దొరికింది. అంటే రోమ్ వర్తకం దక్కన్ నడిబొడ్డు దాకా వచ్చిందన్నమాట.

డబ్బుతో పాటు దాని పేర్లూ వచ్చాయి. రోమన్ల ‘దెనారియుస్’ లాటిన్ సొంత మాట. గ్రీకులు దాన్ని తీసుకున్నారు, మన దగ్గర అది దీనారం అయింది. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో ఇక్ష్వాకు రాణి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు దానం చేసినట్టు ఉంది. గ్రీకు వెండి నాణెం ‘ద్రఖ్మె’ లాటిన్‌లో ద్రఖ్మ, సంస్కృతంలో ద్రమ్మ, ప్రాకృతంలో దమ్మ అయింది. దాని సంతతే ఉత్తరాది ‘దామ్’, దమ్డీ. చేతిలో దమ్మిడీ లేదని మనం అనే మాట కూడా ఆ వంశానిదే.

పంచాంగంలో ‘శుక్ర హోర’, ‘గురు హోర’ అని చూస్తాం. గ్రీకు ‘హోరా’ అంటే కాలభాగం. లాటిన్‌లోనూ అది ‘హోర’, ఇంగ్లీషులో ‘అవర్’. వారాల వరస కూడా ఈ హోరల లెక్కే. భూమికి దూరం నుంచి దగ్గరికి శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అన్నది నాటి గ్రహక్రమం. ఒక్కో హోర ఒక్కో గ్రహానిది. శనివారం తొలి హోర శనిదైతే, ఏడేసి చొప్పున మూడు చుట్లకు 21 హోరలు గడుస్తాయి. రోజులో మిగిలిన మూడు హోరలూ శని, గురు, కుజులవి. మర్నాటి తొలి హోర రవిది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. ఇదే లెక్కన ఆ మర్నాడు సోమవారం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో యవనుల, అంటే గ్రీకుల, శాస్త్రజ్ఞానాన్ని గౌరవంగా తలచుకున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడం ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

మూడో దారి అరబ్బుల గుండా నడిచింది. గ్రీకులో రెల్లుకాడ, రెల్లుకలం ‘కలమొస్’. కొలకర్ర, ప్రమాణం ‘కనోన్’. ఇవి లాటిన్‌లో కలముస్, కనోన్ అయ్యాయి. అరబ్బీ, ఉర్దూల మీదుగా నిజాం కచేరీలకు వచ్చి కలం, కానూన్ అయ్యాయి. యునాని హకీములు కఫాన్ని ‘బల్గం’ అంటారు. గ్రీకులకూ లాటిన్ వైద్యులకూ అది ‘ఫ్లెగ్మ’.

మెదక్ చర్చిలో ఒక కుర్చీ

గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు అనే మూడు మెట్లూ ఒకేచోట కనిపించేది మెదక్ చర్చిలో. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూలి రూపంలో తిండి అందేలా ఈ కట్టడానికి పూనుకున్నారు. పదేళ్లు సాగిన పని ముగిసి 1924 డిసెంబరు 25న ఆలయం ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం.

దీన్ని కెథడ్రల్ అంటున్నాం. గ్రీకులో ‘కథెద్ర’ అంటే కుర్చీ. లాటిన్‌లోనూ అదే మాట. బిషప్ పీఠం ఉన్న ఆలయమే కెథడ్రల్. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ బిషప్ పీఠం అయ్యాక ఈ ఆలయానికి ఆ పేరు తగింది. అదే ‘కథెద్ర’ పాత ఫ్రెంచిలో అరిగి ఇంగ్లీషు ‘చెయిర్’ అయింది. బిషప్ పాలనలోని ప్రాంతం ‘డయాసిస్’. ఆ మాటకు మూలమైన గ్రీకు మాటకు అర్థం ఇంటి నిర్వహణ, పాలన. చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో రోమ్ రాష్ట్రాల సముదాయాలకు ఆ పేరు వచ్చింది, తర్వాత చర్చి దాన్ని తీసుకుంది.

‘బిషప్’ గ్రీకులో ఎపిస్కొపొస్, అంటే పైనుండి చూసుకునేవాడు. లాటిన్ దాన్ని ఎపిస్కొపుస్‌గా దాదాపు అలాగే ఉంచుకుంది. తెలుగు బైబిల్ అనువాదకులు ‘అధ్యక్షుడు’ అన్నారు. అధ్యక్షుడన్నా పైనుండి కనిపెట్టి చూసేవాడే. మూలంలో ఉన్న చూపు అనువాదంలోనూ నిలిచింది. ‘బాప్తిస్మం’ విషయంలో వాళ్లు గ్రీకు మాటనే ఉంచారు. ఒకచోట కొత్త మాట, మరోచోట పరాయి మాట, రెండూ మన సంఘాల్లో నిలబడ్డాయి.

అప్పు కాదు, పెట్టుబడి

తన మాతృభాషలో మాటలు చాలడం లేదని కవి లుక్రేతియుస్ బాధపడ్డాడు. సిసెరో దానికి పరిష్కారం పనిలో చూపించాడు. అక్కరైన చోట గ్రీకు మాట వాడుతూనే, క్రీ.పూ. 45లో గుణానికి ‘క్వాలితాస్’ అన్న లాటిన్ మాట కల్పించాడు. ఇవాళ మన దుకాణాల్లో వినే ‘క్వాలిటీ’ అదే. గ్రీకు దగ్గర తెచ్చుకున్నదానికి సొంత కల్పన చేర్చినందుకే లాటిన్ ఆ తర్వాత యూరప్ మొత్తానికి మాటలిచ్చే భాషగా ఎదిగింది.

తెలుగు ఇప్పుడు అలాంటి మలుపులోనే ఉంది. కొత్త శాస్త్రాలు కొత్త మాటలు అడుగుతున్నాయి. పరాయి మాట వస్తే భాష పాడైందని కంగారు పడనక్కర్లేదు. అలాగని కల్పించే పని మానేయకూడదు. రేగోడ్ లాంటి ఊళ్లలోని బడిపిల్లలకు కొండాపూర్ మ్యూజియం, మెదక్ చర్చి చూపిస్తూ ఈ మాటల ప్రయాణం చెప్పాలి. పరభాష ముందు తల వంచుకోవలసిన పని లేదని, ఎంత గొప్ప భాషయినా నేర్చుకునే ఎదిగిందని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. రేపు తెలుగుకు కొత్త మాటలు కల్పించే ధైర్యం ఆ పిల్లలకు అక్కడే మొదలవుతుంది.