‘దీవార్’లో సమ్మె ఏమయింది?

నేను విమర్శకుణ్ణి కాను. స్టంటు చిత్రాలు, నేరకథలు టికెట్టు కొని చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. అయినా వాటిని చరిత్రనుంచి విడదీసి చూడలేను.

1974 మేలో లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె చేశారు, ప్రభుత్వం అణచివేసింది. 1975 జనవరిలో ‘దీవార్’ విడుదలైంది. అందులో తండ్రి కార్మిక నాయకుడు. భార్యాబిడ్డల ప్రాణాలు అడ్డుపెట్టి యజమాని అతనిచేత సంతకం చేయిస్తాడు. సమ్మె కథ అంతటితో సరి. పెద్దకొడుకు రేవుకూలీ. మామూళ్ళు గుంజే గూండాలను ఒంటరిగా చితకబాదుతాడు. ఆపైన చేరేది కార్మికసంఘంలో కాదు, స్మగ్లర్ల ముఠాలో. చివరకు పోలీసు తమ్ముడే కాలుస్తాడు, పతకం అందుకుంటాడు. 1976లో ఇదే తెలుగులో ‘మగాడు’ అయింది.

హాల్లో ఈలవేసిన కూలీ ఆగ్రహం నిజమైనదే. దాన్ని ఒక్కడి పిడికిలికి అప్పగించి, సమష్టి పోరాటాన్ని మరపించడమే ఈ చిత్రాల వర్గస్వభావం. ఆ తెగిపోయిన సమ్మె కథను అందుకోవలసింది రచయితలే.