చదువుల ఊళ్లో చెరసాల బాట

ఆక్స్‌ఫర్డ్‌లో ఆపిల్ పళ్లమ్ముకునే ఒకావిడ క్రైస్ట్ చర్చ్ కాలేజీలో ఉండే చార్లెస్ వెస్లీకి ఓ కబురు మోసుకెళ్లింది. ఊళ్లోని పేదల శరణాలయంలో ఒకామె గొంతు కోసుకోబోయిందట, వెళ్లి చూడమని. పంపినవాడు తన పేరు చెప్పొద్దన్నాడు గానీ ఆవిడ చెప్పేసింది. అతను జార్జ్ వైట్‌ఫీల్డ్. గ్లోస్టర్‌లో సత్రం నడిపే ఇంటి బిడ్డ. పెంబ్రోక్ కాలేజీలో డబ్బున్న విద్యార్థులకు ఊడిగం చేస్తూ చదువుకునేవాడు. అలాంటివాడు పై హోదా వాళ్లను తానుగా పలకరించడం ఆ రోజుల్లో చెల్లదు. చార్లెస్ మర్నాడు ఉదయం అతన్ని ఫలహారానికి పిలిచాడు. ఇది 1733 ప్రాంతపు సంగతి.

చార్లెస్‌నూ అతని మిత్రులనూ వైట్‌ఫీల్డ్ అప్పటికి చాన్నాళ్లుగా దూరం నుంచి గమనిస్తున్నాడు. సెయింట్ మేరీ గుడిలో ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి వాళ్లు గేలిచేసే గుంపు మధ్య నుంచే నడిచి వెళ్లేవారు. కష్టంలో ఉన్న మనిషి గురించి చెప్పుకోవాలంటే అతనికి తోచింది వాళ్లే.

నలుగురితో మొదలు

ఆనాటి ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్తవుడు కానివాడు లేడు. ఆంగ్లికన్ సంఘ సిద్ధాంతాలకు ఒప్పుకుని సంతకం పెడితేనే సీటు. కాలేజీ ప్రార్థనలకు హాజరు తప్పనిసరి. చదువయ్యాక చాలామంది పాదిరీలయ్యేవారు. ఇంత ఉన్నా భక్తి కాలేజీ అడిగినంత మేరకే ఉంటే చాలన్నది వాడుక.

1726లో కాలేజీలో చేరిన చార్లెస్ కూడా మొదటి ఏడాది వినోదాల్లోనే పోగొట్టుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. 1729లో మనసు మళ్లింది. వారం వారం ప్రభు సంస్కారానికి వెళ్లడం మొదలుపెట్టి, ఒకరిద్దరు స్నేహితులనూ వెంటబెట్టుకున్నాడు. ఆ నవంబరులో లింకన్ కాలేజీలో ఫెలోగా ఉన్న అన్న జాన్, తండ్రి ఊరి నుంచి తిరిగొచ్చాడు. అన్నదమ్ములు, విలియం మోర్గాన్, రాబర్ట్ కర్కమ్, ఈ నలుగురే మొదటి బృందం. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు కలిసి గ్రీకు, లాటిన్ కావ్యాలు, ఆదివారం దైవచింతన గ్రంథాలు చదివేవారు.

ఆ గది తలుపు తెరిపించింది మోర్గాన్. భార్యను చంపి మరణశిక్ష పడ్డ ఒకతన్ని చూడటానికి అతను కోట జైలుకు వెళ్లొచ్చాడు. అప్పులు తీర్చలేక అక్కడ మగ్గుతున్నవాళ్లతోనూ మాట్లాడాడు. ఎవరైనా అప్పుడప్పుడు వెళ్లి పలకరిస్తే వాళ్లకెంతో మేలని మిత్రులకు పదే పదే చెప్పాడు. 1730 ఆగస్టు 24న వెస్లీ సోదరులు అతనితో కలిసి వెళ్లారు. వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లాలని ఆనాడే నిశ్చయించుకున్నారు. ఈ సంగతి రాస్తే తండ్రి శామ్యూల్ సంతోషించాడు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు అదే జైలుకు వెళ్లేవాణ్నని జవాబు రాశాడు.

ఊరి ఉత్తర ద్వారం దగ్గరి బొకార్డో జైలు, జబ్బుపడ్డ బీదల ఇళ్లు, పేదపిల్లల బడి కూడా ఆ తర్వాత ఈ బాటలో చేరాయి. చందాలు వేసుకుని మందులు, పుస్తకాలు కొన్నారు. చిన్నచిన్న అప్పులకు జైల్లో పడ్డవాళ్ల బాకీ కట్టి విడిపించారు.

గడియారం, జేబు

జాన్‌కు రాత్రిళ్లు మధ్యలో మెలకువ వచ్చేది. అవసరానికి మించి పడుకుంటున్నానేమో అనుకుని అలారం గడియారం తెచ్చుకున్నాడు. మొదటి రోజు 7కి లేచాడు, మర్నాడు 6కి, ఆ మర్నాడు 5కి. నాలుగో రోజు 4 గంటలకు లేచాక రాత్రి మెలకువ రాలేదు. ముసలితనంలోనూ ఆ వేళకే లేచేవాడు. బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం 3 దాకా బృందానికి ఉపవాసం.

డబ్బు లెక్కా అలాంటిదే. ఆ బృందంలో ఒకరు ఏటా 30 పౌండ్ల రాబడిలో 28తో బతికి 2 పౌండ్లు దానమిచ్చారని జాన్ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పాడు. మరుసటేడు రాబడి 60కి పెరిగినా ఖర్చు 28 దాటలేదు, 32 పేదలకు పోయాయి. ఆ ఒకరు జాన్ వెస్లీయేనని చరిత్రకారులు నమ్ముతారు.

చలికాలంలో ఒకరోజు తమ బడిలో చదివే అమ్మాయి జాన్ గదికి వచ్చింది. ఒంటిమీద పల్చటి నార గౌను. ఇదొక్కటేనా ఉన్నది అంటే, ఇదే ఉన్నదంది. జేబులో చెయ్యి పెడితే డబ్బు దాదాపు ఏమీ మిగల్లేదు. గోడలకు వేలాడుతున్న పటాల మీద అతని చూపు పడింది. ఈ పిల్లకు చలి ఆపే డబ్బుతో గోడలు అలంకరించుకున్నానే, యజమాని అయిన ప్రభువు నన్ను మెచ్చుకుంటాడా అని కలతపడ్డాడు.

ఎగతాళి, ఒక మరణం

తోటి విద్యార్థులు వీళ్లను 'పవిత్రుల క్లబ్బు' అన్నారు, 'బైబిలు చిమ్మెటలు' అన్నారు, మెథడిస్టులన్నారు. తర్వాత వాళ్ల ఉద్యమానికి ఈ చివరి పేరే నిలిచింది. 1732 ఆగస్టులో మోర్గాన్ డబ్లిన్‌లో చనిపోయాడు. ఉపవాసాలే చంపాయని పుకారు లేచింది. డిసెంబరులో లండన్ పత్రిక ఒకటి ఈ బృందాన్ని దుయ్యబట్టింది. జాన్ అప్పటికే మోర్గాన్ తండ్రికి జరిగిందంతా వివరిస్తూ సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. కొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి మరుసటేడు రెండో కొడుకును జాన్ దగ్గరికే చదువుకు పంపాడు. వాళ్ల నిజాయితీకి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అతి కూడా జరిగింది. బృందంలో చేరిన వైట్‌ఫీల్డ్ 1735 లెంటు దినాల్లో ఒళ్లు చెడేదాకా ఉపవాసముండి వారాల తరబడి మంచాన పడ్డాడు. పుణ్యంతో రక్షణ సంపాదించుకోజూస్తున్నానన్న భారం జాన్‌నూ ఏళ్ల తరబడి వేధించింది. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, క్రీస్తు కృపే చాలన్న నిశ్చయం కలిగాక గానీ అది దిగలేదు. భారం దిగినా అలవాట్లు పోలేదు. వేకువలు, దానం, జైళ్లు కడదాకా సాగాయి. ఆక్స్‌ఫర్డ్ రోజుల్లో అప్పులపాలైన ఖైదీల పక్కన కూర్చోవడం నేర్చినవాళ్లు కాబట్టే, 1739లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీల ముందు ఆరుబయట నిలబడి ప్రసంగించగలిగారు.

మెదక్ దాకా

వెస్లీ సోదరుల ఉద్యమ పరంపరలోని వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాదు మీదుగా మెదక్ చేరారు. వాళ్లలో ఒకరైన చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ కట్టడం పని ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది.

మన కాలేజీల్లోనూ హాస్టల్ గదుల్లో ప్రార్థనకు కూడే విద్యార్థులున్నారు. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం కుదురుకున్నాక పరిచర్య చూసుకుందామని వాళ్లలో చాలామంది అనుకుంటారు. మోర్గాన్‌కు కాలేజీ తర్వాతి జీవితమే దక్కలేదు. అతని పరిచర్య అంతా విద్యార్థిగా ఉన్న ఆ కొద్దికాలంలోనే జరిగింది, ఒక ఉద్యమానికి దారి చూపడానికి అది సరిపోయింది. కూడిక ముగిశాక ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న ప్రశ్నను ఏ విద్యార్థి బృందమైనా ఈ వారమే వేసుకోవచ్చు. సర్కారు దవాఖానాలో దిక్కులేని రోగి, ఫీజు కట్టలేక చదువు మానేసేలా ఉన్న సహపాఠి, మెస్‌లో గిన్నెలు తోమే అక్క కూతురి చదువు, ఇవన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి.