అష్టావధానం: ధారణ, తర్కం

అవధాన ప్రక్రియ అంతకుముందే ఉన్నప్పటికీ, పందొమ్మిదో శతాబ్ది చివర దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులన్న పేరుతో సంస్థానాల్లోనూ ఊళ్లలోనూ అవధానాలు చేసిన తరువాత దానికి విశేషమైన జనాదరణ కలిగింది. ఈ ప్రక్రియను సాధారణంగా జ్ఞాపకశక్తి ప్రదర్శనగానే మెచ్చుకుంటారు గాని, దాని నిర్మాణాన్ని గమనిస్తే అది స్మృతికీ తర్కానికీ ఒకేసారి పెట్టిన పరీక్షగా కనిపిస్తుంది.

అష్టావధానంలో ప్రశ్నించే ఎనిమిదిమంది పృచ్ఛకులలో పద్యాలు అడిగినవారికి అవధాని ఆవృత్తికొక పాదం చొప్పున, నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తి చేస్తాడు. ఈలోగా ఒకరు అప్రస్తుత ప్రసంగంతో దృష్టి మళ్లిస్తుంటే, మరొకరు మోగించే గంటలను లెక్కపెట్టుకోవాలి. చివర ధారణలో పద్యాలన్నింటినీ వరుసగా అప్పగించాలి. విషయాలను కొద్దిసేపు మనసులో నిలుపుకుంటూనే వాటితో పని చేసే శక్తిని మనోవిజ్ఞానులు క్రియాత్మక స్మృతి అంటారు. 1974లో బాడ్లీ, హిచ్ ప్రయోగానికి ఎంచుకున్న మార్గం కూడా ఇటువంటిదే: అంకెలను గుర్తుంచుకుంటూ చిన్న తార్కిక వాక్యాల నిజానిజాలు తేల్చమన్నప్పుడు, ఆరంకెల భారం వల్ల జవాబు ఆలస్యమైంది గాని తప్పులు అంతగా పెరగలేదు.

అయితే తర్కానికి స్మృతి ఒక్కటే చాలదు. తొలుత తోచిన జవాబును ఆపి పరిశీలించే ఆలోచనా శైలి కూడా కావాలి. షేన్ ఫ్రెడరిక్ 2005లో ప్రకటించిన మూడు ప్రశ్నల పరీక్ష దానినే కొలుస్తుంది. నిషిద్ధాక్షరిలో ఆ పని పృచ్ఛకుడే చేస్తాడు: రాబోయే అక్షరాన్ని ఊహించి నిషేధించగా, అవధాని అర్థమూ ఛందస్సూ చెడకుండా వేరే దారి వెతుక్కోవాలి. ధారణకన్నా కఠినమైనది ఇదే అనవచ్చు.

ధారణకు ఛందస్సే ఊతం. ఉత్పలమాలలో ప్రతి పాదానికీ రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి కనుక, మొదటి పాదం గుర్తుకు వస్తే తక్కిన మూడింటి ప్రాస హల్లు తెలిసినట్లే. అభ్యాసం చేసిన నిపుణులు ఇటువంటి ఆనవాళ్లతో శాశ్వత స్మృతినే తాత్కాలికావసరానికి వాడుకుంటారని 1995లో ఎరిక్సన్, కించ్ ప్రతిపాదించారు. ఆ నైపుణ్యం ఆ విద్యకే పరిమితం: 1973లో ఛేజ్, సైమన్ పరిశోధనలో చదరంగ నిపుణుడి ఆధిక్యం, పావులను అడ్డదిడ్డంగా అమర్చిన బల్ల ముందు దాదాపు మాయమైంది. అందువల్ల ధారణను చూసి అవధానికి అన్ని విషయాల్లోనూ తర్కశక్తి అధికమని తేల్చడం తొందరపాటే అవుతుంది.