ఎర్రదారం పెట్ట

రాజోలిలో మా అవ్వ కోళ్లన్నిటికీ ఎడమకాలికి ఎర్రదారం ఉండేది. పక్కింటివాళ్ల కోళ్లకు పచ్చదారం, ఎదురింటివాళ్లవాటికి పసుపు. ఆ దారాలు ఎవరూ కొన్నవి కావు. చేనేత వీధి కాబట్టి చీర కోసి మగ్గం దించాక మిగిలిన పోగులే ముడేసి కట్టేవాళ్లు. తెల్లారి గంప ఎత్తితే కోళ్లు ఇక ఎవరి ఇంట్లో పడితే వాళ్ల ఇంట్లో తిరిగేవి. పొద్దుగూకే వేళకు దారాన్ని బట్టి ఇల్లు చేరేవి.

"మీ ఎర్రదారం పెట్ట మా గాడిలో గుడ్డేసింది, తీసుకపో అత్తా" అని ఎదురింటి కోడలు గోడ మీదుగా పిలవడం నాకింకా గుర్తు. గాడిలో దొరికిన గుడ్డును ఉంచేసుకోవడం ఆ వీధిలో చాలా పెద్ద తప్పు.

ముప్పై ఏళ్లకు పైగా పశువైద్య శాఖలో కింది ఉద్యోగిగా గద్వాల, ఐజ, మల్దకల్ వైపు ఊళ్లన్నీ తిరిగాను. కోళ్ల గురించి మన పుస్తకాల్లో వెతికితే పందెపు పుంజులే కనిపిస్తాయి. పల్నాటి యుద్ధంలో పుంజు ఉంది, కుక్కుట శాస్త్రంలో పుంజు ఉంది. పిల్లల్ని లేపిన పెట్ట గురించి, దాన్ని సాకిన ఆడవాళ్ల గురించి రాసింది నాకు దొరకలేదు. నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

నా చిన్నప్పుడు సాకడానికి కోడిని డబ్బుకు కొన్న ఇల్లు అవ్వ వీధిలో లేదు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి, వలసపోయి వట్టిచేతులతో తిరిగొచ్చిన ఇంటికి పెట్ట 'పాలు'కు వచ్చేది. ఇక్కడ పాలు అంటే వాటా. పెట్ట ఇచ్చినవాళ్లది, మేత, కాపలా సాకేవాళ్లవి, లేచిన పిల్లలు చెరిసగం. తల్లి పొడిచి తరిమేదాకా పిల్లల్ని పంచకూడదు. గద్ద తన్నుకుపోయిన పిల్ల ఇద్దరికీ పోయినట్టే. పెట్ట చచ్చిపోతే తెచ్చి చూపించాలి, ఆ మీద బాకీ ఉండదు. కాగితాలేమీ లేవు. వీధిలో అందరికీ తెలుసు, అదే సాక్ష్యం.

పొదగేయడం అవ్వ పని. వెదురుగంపలో ఇసుక పోసి, దాని మీద గడ్డి పరిచి, పదకొండో పదమూడో గుడ్లు పెట్టేది. సరిసంఖ్య పెట్టేది కాదు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఓ ఇనుపమేకు, బొగ్గుముక్క వేసేది. అందరి ఇళ్లలో పెట్టలూ ఒకేసారి పొదుగుకు రావు కదా. అందుకని పక్కింటి గుడ్లూ మా పెట్ట కిందికే వచ్చేవి. బొగ్గుతో ఒక గీత గీస్తే మాది, రెండు గీతలుంటే వాళ్లది. ఇరవై ఒకటో రోజు పిల్లలు లేచాక ఏది ఎవరిదో తెలియదు. పెట్టిన గుడ్ల లెక్కన పంచుకునేవాళ్లు. వీధి మొత్తానికి పుంజులు ఒకటో రెండో. రాయచూరులో మెట్టిన మా పెద్దమ్మ పుంజును 'హుంజ' అనేది. మన 'ప' కన్నడంలో చాలాచోట్ల 'హ' అవుతుంది, మనం తాగే పాలు అక్కడ హాలు అయినట్టే. నదిగడ్డ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ నేల, కోడి పేరు కూడా ఇక్కడ రెండు భాషల్లో పలుకుతుంది.

అవ్వ చిన్నతనం నిజాం కాలం. అధికారులు ఊళ్లో మకాం వేస్తే కోళ్లు, గుడ్లు వెట్టి కింద పోయేవి, పైసా వచ్చేది కాదు. కబురు రాగానే ఆడవాళ్లు పెట్టల్ని గంపల్లో పెట్టుకుని ఏటి ఒడ్డు చేలకు పోయేవాళ్లట. పుంజులు ఇయ్యొచ్చు, పొదుగు మీదున్న పెట్టను మాత్రం ఎవరూ చూపించకూడదని వీధి కట్టుబాటు. "పెట్ట పోతే ఒక్క ఇల్లు గాదు, నాలుగిండ్లు ఎండుతయ్" అనేది అవ్వ. తర్వాతి కాలంలో పాలమూరు జనం బొంబాయికి వలసపోయినప్పుడూ అంతే. ఇంటికి తాళం వేసి, కోళ్లను ఊళ్లో మిగిలిన ముసలవ్వకు అప్పజెప్పి బస్సెక్కేవాళ్లు. తిరిగొచ్చేసరికి పిల్లల్లో సగం ఆమెవి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల వెంబడే రోగమూ వచ్చేది. నేను పదో తరగతి చదివిన ఏడు ఎండాకాలంలో ఐజ దగ్గర మా ఊళ్లో కొక్కెర తెగులు పడింది. మొదట కోళ్లు రెక్కలు వేలాడేసి మూల చేరాయి, తర్వాత పచ్చగా పారుకున్నాయి, ఆఖరికి మెడలు మెలి తిరిగాయి. పది రోజులకు ఊళ్లో కూసే పుంజు లేకుండా పోయింది. జబ్బు కనిపించిన కోళ్లను కొందరు సంతలో అగ్గువకు అమ్మేశారు. అలా తెగులు పక్క ఊళ్లకూ చేరింది. నేను చదువుకుని తెలుసుకున్నది ఏమిటంటే, దీన్ని 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గరా గుర్తించారు. ఆ వెంటనే మన దేశంలో హిమాలయాల దగ్గరి రాణిఖేత్‌లో కనిపించి ఆ ఊరి పేరే రోగానికి మిగిలింది. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో టీకా కూడా తయారైంది. అంటే మా ఊరి కోళ్లు చచ్చేనాటికి దాని మందు పుట్టి నలభై ఏళ్లు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో రోడ్డు వెంబడి ఇళ్లకు టీకా వేసేసరికి ఐసు కరిగిపోయింది. మిగతా వీధులకు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను, తిరిగి వెళ్లలేకపోయాను. నెల తిరక్కుండా తెగులు వచ్చింది. "నా ఇంటి కోళ్లు బతికినయ్ డాక్టరమ్మా, నేను పాలుకిచ్చిన కోళ్లన్నీ పోయినయ్" అని ఒక తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఆమె ఆస్తి ఆమె వాకిట్లో కొంచెమే ఉంది, మిగతాదంతా పక్కవాళ్ల గంపల కింద ఉంది. టీకా ఇంటికి కాదు, ఊరికి వేయాలని నాకు తెలిసింది ఆరోజే.

అసలు టీకా సీసా తీరే అట్లాంటిది. చిన్న సీసాలోనే వంద కోళ్ల మందు ఉంటుంది. కలిపిన రెండు గంటల్లోపు అయిపోగొట్టాలి, అంతదాకా చల్లగా ఉంచాలి. ఇంటికి పది కోళ్లుంటే ఒక్కరే సీసా తెరవడం దండగ. పదిళ్లు ఒకే పూట కలిస్తే చుక్క వృథా పోదు. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊళ్లవాళ్లే ఇట్లా జట్టుగా కోళ్లకు కంటి చుక్కలు వేస్తున్నారు. వేడికి త్వరగా చెడని ఆ టీకాను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు.

ఫారం కోడి సంగతి అందరికీ తెలిసిందే. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు, 1982లో గుడ్ల ధరకు సమన్వయ కమిటీ వచ్చింది, గుడ్డు పేదవాడికి అందింది. అది మంచి పనే. రాజేంద్రనగర్ పరిశోధకులు పెరటికోసం వనరాజా, గ్రామప్రియ జాతులు తయారుచేశారు, నేనే వందల పిల్లల్ని పంచాను. అవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి కానీ పొదగవు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి, లేదా పక్కింటి నాటు పెట్ట కింద పెట్టాలి. 2019 పశుగణనలో దేశంలో పెరటికోళ్లు 31.7 కోట్లు, 2012 కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. వాటిలో పెట్ట కింద లేచినవెన్ని, అట్టపెట్టెలో వచ్చినవెన్ని అన్నది ఆ లెక్కలో లేదు.

2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచేసింది. మగ్గాలు, నూలు, వడ్లు, కోళ్లు అన్నీ పోయాయి. అవ్వ అప్పటికి లేదు. నీళ్లు తీశాక మా మేనమామ ఇంటికి వెళితే వీధంతా బురద వాసన, ఎక్కడా కోడి కూత లేదు. మా అత్తగారి ఊరి నుంచి ఆరు పెట్టల్ని, ఒక పుంజును గంపలో తీసుకెళ్లి పాలుకిచ్చాను. నా వాటా నాకొద్దని, పిల్లలు లేచాక మునిగిన మరో ఇంటికి ఇవ్వమని చెప్పాను. మరుసటి దసరాకు వెళ్లేసరికి కోళ్లు తొమ్మిది ఇళ్లలో ఉన్నాయి. మామ కోడలు వాటి కాళ్లకు ఎర్రదారం కట్టింది. ఆ దారం రంగు గురించి ఆమెకు నేను చెప్పలేదు.

మాఘమాసంలో జమ్మిచేడు జములమ్మ జాతర వస్తుంది. మొక్కులకని సంతల నుంచి ఊరూరి కోళ్లు మన గంపల్లోకి చేరతాయి, ఆ వెనకే ఎండాకాలం. కొత్తగా తెచ్చిన కోడిని రెండు వారాలు విడిగా కట్టేయండి. సంక్రాంతి పోగానే మీ వీధిలో ఎన్ని కోళ్లున్నాయో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టండి. వంద తేలితే ఒక సీసా, రెండొందలైతే రెండు. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడిగి, ఐసు పెట్టుకుని తెప్పించుకోండి. తెల్లవారుజామున గంపలెత్తకముందే అందరి కోళ్లకూ వేయించండి. పాలుకిచ్చిన కోళ్లను మరిచిపోకండి.