కరువు దినములలో నిలిచిన విశ్వాసము



నూరు సంవత్సరముల కృతజ్ఞతా పండుగ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో మందిరములను గురించి, పాఠశాలలను గురించి, సేవచేసి గతించిన పెద్దలను గురించి అనేకులు వ్రాస్తున్నారు. మేము ఒక్క ప్రశ్నకు మాత్రము చరిత్రలో జవాబు వెదకదలచాము. కష్టము వచ్చినప్పుడు మన విశ్వాసము దేనికి పనికివస్తుంది?

ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. బోరు ఎండిపోయి, అప్పు పెరిగి, ఇంటిలో ఒకరు మంచము పట్టినప్పుడు విశ్వాసులు మా యొద్దకు వచ్చి అడిగే ప్రశ్న. కొందరు బోధకులు "నీ విశ్వాసము చాలకనే ఈ బాధ వచ్చినది" అని పుండు మీద కారము చల్లుతున్నారు. మరియొక వైపున, "మీ తాతలు గంజి కొరకు మతములో చేరినవారే గదా" అని ఎత్తిపొడిచేవారున్నారు. ఈ రెండు మాటలకును జవాబు ఒకే చోట దొరుకుతుంది. అది ధాత కరువు చరిత్ర.

అంతకంటె ముందు మన చంద్రగిరి సంగతి ఒకటి చెప్పాలి. కోటలోని రాజమహలు చూడనివారు మనలో లేరు. క్రీ.శ. 1598లో యేసు సభకు చెందిన పాదిరీలు వెంకటపతిరాయల ఆస్థానమునకు ఇక్కడికే వచ్చారు. రాయలవారు వారిని మర్యాదతో చేర్చుకొని, మందిరము కట్టుకొనుటకు అనుమతి ఇచ్చారు. రాజాదరణకు లోటు లేదు. అయినను ఆ పని పట్టుమని ఇరవై ఏండ్లయినా నిలువలేదు. కొలువులో చోటు దొరికినది గాని, పల్లెలలో వేరు పట్టలేదు. తెలుగు పల్లెలలో సువార్త విస్తారముగా వేరు పట్టుటకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది. ఆ వేరు పట్టిన కాలములలో ముఖ్యమైనది సుభిక్ష కాలము కాదు, కరువు కాలము.

1876లో వానలు తప్పిపోయాయి. అది ధాత నామ సంవత్సరము గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. చంద్రగిరి తాలూకా అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఈ ఊరికి ఇంకా రైలు రాలేదు. కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు జిల్లాలు, మన ప్రాంతము, అన్నియు ఆ కరువు వాత పడ్డాయి. సర్కారువారు కరువు పనులు పెట్టి, 1877 ఆరంభమున మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చొప్పున కూలి నిర్ణయించారు. పౌను అంటే అరకిలోకు కూడ తక్కువ. మట్టి మోసేవానికి అది ఏ మూలకు వస్తుంది? 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది మరణించారు. భూమిలేని కూలివారే ముందుగా రాలిపోయారు.

ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అక్కడ 1866 నుండి అమెరికను బాప్టిస్టు మిషనువారైన జాన్ క్లౌ దొరగారు పనిచేస్తున్నారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడి సంఘము ఆరంభమైనది. తోళ్ల వ్యాపారము చేసే యెర్రగుంట్ల పేరయ్యగారి వంటి సాక్షులు కాలినడకను ఊరూర తిరిగి మాదిగపల్లెలలో ప్రభువును ప్రకటించారు.

కరువు వచ్చినప్పుడు క్లౌగారు ప్రార్థనతో ఆగలేదు. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపించారు. సువార్తికులే మేస్త్రీలైనారు. పగలు గంప లెక్క చూచినవారే విశ్రాంతి వేళ కూలివారి మధ్య కూర్చుండి ఆదరణ మాటలు చెప్పారు. విన్నవారిలో అనేకులు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటికొరకు ఎవరును సంఘములో చేరరాదని సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేశారు.

1878లో కరువు సాయము ముగిసినది. ఇక ఇచ్చుటకు తన యొద్ద ఏమియు లేదని ఆయన స్పష్టముగా తెలియజేశారు. అయినను జనులు వచ్చారు. తమకు ధనసహాయము అక్కరలేదని, కష్టపడి బ్రదుకుతామని, సంఘములో చేర్చుకొంటే చాలునని బ్రతిమాలారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. మూడు దినములలో 3,536 మంది! ఆ సంవత్సరము మొత్తము లెక్క 9,606.

గంజి కొరకు వచ్చినవారైతే గంజి ఉన్నప్పుడే రావాలి గదా! గంజి కుండ బోర్లించిన తరువాత వచ్చినవారిని ఆ మాట అనుట న్యాయము కాదు. వారు గౌరవమును కూడ కోరారనుట నిజమే. ఊరి బావి దగ్గరకు రానియ్యని సమాజములో, తమను మనుష్యులుగా చూచిన దేవుని ఆశ్రయించుట తప్పెట్లా అవుతుంది?

విశ్వాసము చాలక బాధ వచ్చినదనేవారు కూడ ఈ చరిత్ర చదవాలి. విశ్వాసము ఆ కరువును మన గుమ్మము దాటించలేదు. నమ్మినవారును పస్తులున్నారు, నమ్మినవారును చనిపోయారు. పౌలుగారు ముమ్మారు వేడుకొన్నను ఆయన ముల్లు తొలగలేదు. మరి విశ్వాసము చేసినదేమి? పని చూపించినది. ఆకలిగొన్నవానిని ఒంటరిగా విడువలేదు. ఇచ్చిన అన్నమునకు వెలగా ఆత్మను అడుగలేదు.

ఇదే పాఠము ఆనాటి చిత్తూరు జిల్లాలో మరల కనబడినది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము తెరువబడినది. వేర్వేరు మిషనులు ఏకమై దానిని నడిపినవి. డెన్మార్కు దేశస్థుడైన ఫ్రీమోట్ మోలరు డాక్టరుగారు దానికి మొదటి అధికారి. క్షయకు సరియైన మందు అప్పటికి పుట్టలేదు. స్ట్రెప్టోమైసిను కనుగొన్నది 1940ల నడుమనే. మంచి గాలి, ఆహారము, విశ్రాంతి, ప్రక్కన ఒక మనిషి: ఇవే అప్పటి మందులు. స్వస్థపడి ఇల్లు చేరినవారున్నారు, చేరనివారును ఉన్నారు. ఇద్దరికిని పరిచర్య చేయుటే అక్కడి విశ్వాసము.

కనుక ప్రియులారా, కష్టములో ఉన్నవానిని "నీవేమి పాపము చేశావు?" అని అడుగకుడి. యోబు స్నేహితులు ఆ పని చాలినంత చేశారు. మన తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యము దేవుని పేర వేరుగా తీసిపెట్టేవారు. తమకు చాలీ చాలని దినములలోను ఆ పిడికిలి మూసుకోలేదు. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘము ఆ అలవాటును మరల నిలిపి, ఆ బియ్యమును జబ్బుపడిన ఇంటికి, పంట పోయిన ఇంటికి, ఏ మతమని అడుగకుండ చేర్చాలని మా మనవి.

కరువులో మన జనులను విడువని దేవుడు రాబోవు నూరేండ్లలోను మనకు తోడైయుండును గాక. ఆమేన్.